కొండవైపు ఒదిగే వదిన

ఇరుకు బాటలో ఎదురుగా ఎవరైనా వస్తే మా వదిన నడక ఆపి, లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడేది. కట్టెల మోపులతో దిగే ఆడవాళ్లకు, "ముందల మీరెల్లిపోండమ్మా" అని దారి ఇచ్చేది. వాళ్లు నవ్వి, "మీ కన్నోరిది ఏ ఊరమ్మా?" అని ఆమెనే అడిగేవారు. చిన్నప్పటినుంచీ అదే కొండ ఎక్కుతున్న నన్ను ఒక్కరూ పలకరించలేదు. నాకు ఒళ్లు మండేది.

ఆదివారాల్లో రాజాం నుంచి ఆ కొండకి వెళ్లడం అన్నయ్యకీ, చెల్లెలినైన నాకూ అలవాటు. పెళ్లయ్యాక వదిన కూడా రావడం మొదలుపెట్టింది. ఒక వానాకాలం, కొండ కొస కనబడుతుండగా చినుకులు పడ్డాయి.

"రాళ్లు తడిసిపోతన్నాయి. దిగిపోదాం," అంది వదిన.

"ఇంకెంత, వచ్చేసినాం గదా!" అన్నాను.

అన్నయ్య నా మాటే వింటాడనుకున్నాను. అతను సంచీ భుజాన వేసుకుని కిందికి తిరిగాడు. నేను కోపంగా పైకే నడిచాను. కాసేపటికి వెనక్కి చూస్తే వదిన వానలో అక్కడే నిలబడి ఉంది.

"ఏటి, నువ్వెల్లలేదా?"

"నిన్నొగ్గేసి ఎలాగెల్తాను? నువ్వొస్తేనే దిగుతాను."

దిగక తప్పలేదు. నాచు పట్టిన బండ దగ్గర ఎప్పుడూ అన్నయ్యే ఆగి నాకు చెయ్యి అందించేవాడు. ఆ రోజు వదిన నాతో ఉందన్న ధైర్యంతో, ఒక్కసారైనా తిరిగి చూడకుండా వెళ్లిపోయాడు. వదిన ముందు దిగి నా మణికట్టు పట్టుకుంది.

"పక్కకి తిరిగి అడుగెయ్యి. నేనున్నాను."

ఆమె పట్టు అన్నయ్య పట్టుకంటే గట్టిగా ఉంది. అదే నా మనసుకి మరీ కష్టమనిపించింది.