టెస్టర్ బాబాయి, ముద్దుల చేపలు

మా బాబాయికి కరెంటు మీద నమ్మకం లేదు. కరెంటాఫీసులో ముప్పై నాలుగేళ్ళు లైన్‌మన్‌గా పనిచేసి, ఆ పింఛనే తింటూ కూడా లేదు. ఎవరింటికి వెళ్ళినా రబ్బరు చెప్పులు విప్పడు. పలకరింపులకు ముందే జేబులోంచి టెస్టర్ తీసి వాళ్ళ ఫ్రిజ్‌కు ఆనిస్తాడు. అది వెలగకపోతేనే "బాగున్నారా?" అంటాడు. వెలిగితే వాళ్ళు బాగులేరని ఆయనకు ముందే తెలుసు కాబట్టి అడగడు.

నా పెళ్ళి ఫొటోలన్నిట్లోనూ మా వెనక బాబాయి వీపు ఉంటుంది. లైటు స్టాండు దగ్గర వంగి వైర్లు చూస్తున్నాడప్పుడు. ఒకసారి పంటి డాక్టరు నోరు తెరవమంటే, "ముందు ఈ కుర్చీకి ఎర్త్ ఉందో లేదో చెప్పండి" అని పళ్ళు బిగించాడు. ఆ పుచ్చుపన్ను ఇప్పటికీ ఆయన నోట్లోనే ఉంది.

మా ఇంట్లో ఉండే మా అత్తగారు, అంటే మా ఆవిడ అమ్మ, ఆమధ్య చేపల తొట్టె ఒకటి కొనుక్కున్నారు. అందులో ఏడు బంగారు చేపలు, నీళ్ళు తిప్పే చిన్న మోటారు. మా ఆవిడకు అది మొదటినుంచీ గిట్టదు. "ఒక్క పేచీ వచ్చినా ఎవరికైనా ఇచ్చేస్తానమ్మా!" అని ముందే చెప్పి ఉంచింది.

అత్తగారికి మాత్రం ఆ చేపలే లోకం. రోజూ తొట్టె కడిగి, ఆ తడినేల మీదే నిలబడి నీళ్ళలో చెయ్యి పెట్టేవారు.

"చెయ్యి పెట్టగానే జివ్వుమంటుంది అల్లుడుగారూ! ఏడూ కలిసి ముద్దు పెడతాయి!"

చేపలేమో ఆ చివర, ఆవిడ వేళ్ళు ఈ చివర. అంత దూరంనుంచి ముద్దెలా పెట్టాయని నేను అడగలేదు. అల్లుళ్ళు అడిగే ప్రశ్నలు కావవి.

"నాకేం జివ్వుమనడం లేదే!" అంది మా ఆవిడ, చెప్పులేసుకుని చెయ్యి పెట్టి.

"ప్రేమ ఉండాలే!" అన్నారు అత్తగారు, వట్టికాళ్ళతో.

ఆ వారంలోనే బాబాయి వచ్చాడు. ఫ్రిజ్ చూశాడు, వెలగలేదు. "బాగున్నావా చెల్లెమ్మా?" అన్నాడు. అత్తగారు ముద్దుల సంగతి చెప్పారు. బాబాయి మొహంలో నెత్తురుచుక్క లేదు. టెస్టర్ తీసి నీళ్ళలో ముంచాడు. అది భేషుగ్గా వెలిగింది.

"చూశారా అన్నయ్యగారూ! మీ టెస్టరుకు కూడా ముద్దు పెట్టాయి!"

వంటింట్లోంచి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మామయ్యగారూ?"

బాబాయి అత్తగారి మొహం చూశాడు. ప్లగ్గు పీకేశాడు. "ఏం లేదమ్మా. మోటారు పాతబడింది, మారుస్తాను" అన్నాడు. కరెంటు గురించి ఆయన నోట అబద్ధం వినడం నాకదే మొదటిసారి.

వసారాలోకి లాక్కెళ్ళి నన్ను కడిగేశాడు. "మోటారు లీకై నీళ్ళలోకి కరెంటొస్తోందిరా! ముద్దులా అవి?"

"మరి చెప్పవేం?"

"చెబితే సాయంత్రానికల్లా తొట్టె ఉండదు. ఆవిడ మొహం చూశావా?"

మర్నాడే కొత్త మోటారు వచ్చింది. లీకు తగిలితే తనంతట తనే కరెంటు ఆపేసే బ్రేకరు వచ్చింది. వైరు ప్లగ్గుకంటే కిందికి వేలాడి మళ్ళీ పైకెక్కింది. తీగ వెంట జారే నీటిబొట్టు ఆ వంపు దగ్గరే నేల మీద పడాలట, ప్లగ్గులోకి పోకూడదట. ఎర్త్ నాలుగుసార్లు చూశాడు.

అంతా బాగానే ఉంది. అత్తగారు మాత్రం చెయ్యి పెట్టి, చాలాసేపు అలాగే ఉంచి, తీసేశారు.

"ఏమీ లేదు. నామీద మనసు విరిగింది వాటికి." ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. నాకూ బాధేసింది.

"కొత్త మోటారుకు బెదిరాయి చెల్లెమ్మా. రెండు వారాలు నాకొదిలెయ్" అన్నాడు బాబాయి, మా ఇంట్లోనే మకాం పెట్టి.

అప్పట్నుంచి రోజూ పొద్దున తొమ్మిదింటికి, అత్తగారు నడకకు వెళ్ళగానే, మా ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. పచ్చడి సగంలో మిక్సీ ఆగిపోతే మా ఆవిడ ఫోనెత్తి కరెంటాఫీసును తిట్టేది. పాపం, వాళ్ళ తప్పేం లేదు.

ఓ రోజు ఆఫీసుకు బయల్దేరి, కళ్ళజోడు మర్చిపోయానని దారిలోంచే వెనక్కొచ్చాను. వంటింట్లో మా ఆవిడ ఫోన్లో తిడుతోంది. హాల్లో బాబాయి. మోటారు ప్లగ్గు పీకి ఉంది, అది చాలదన్నట్టు ఇంటి మెయిన్ స్విచ్ కూడా ఆపి ఉంది. చొక్కా చెయ్యి మడిచి, వట్టిచేత్తో, మోచేతిదాకా నీళ్ళలో ఉన్నాడు. వేళ్ళ మధ్య చిటికెడు మేత. ఆరు చేపలు ఆయన వేళ్ళను పొడుస్తున్నాయి. ఏడోది దూరంగా ఉంది.

"రా తల్లీ, రా! అన్నీ చూశాను, భయం లేదు" అని దాన్ని బతిమాలుతున్నాడు.

నేను చప్పుడు చెయ్యకుండా బయటికొచ్చేశాను. కళ్ళజోడు లేకుండానే ఆ రోజంతా గడిపాను. మా బాబాయి మీద అంత ప్రేమ నాకెప్పుడూ కలగలేదు.

గడువు పూర్తయ్యాక అత్తగారు చెయ్యి పెట్టారు. ఏడు నోళ్ళూ వచ్చి వేళ్ళ మీద వాలాయి.

"జివ్వుమనడం లేదు అన్నయ్యగారూ, గిలిగింతలు పెడుతున్నాయి! ఇదే బాగుంది!"

"స్విచ్ ఆపావా చెల్లెమ్మా?"

"ఆపి, ప్లగ్గు కూడా పీకాను. మోటారు తిరుగుతుంటే చేపలు సిగ్గుపడి ముద్దు పెట్టవని మీరేగా చెప్పారు!"

నేను బాబాయి వైపు చూశాను. ఆయన గబుక్కున ఫ్రిజ్ వైపు తిరిగి టెస్టర్ ఆనించాడు. అది వెలగలేదు.

"అయితే అందరూ బాగున్నారన్నమాట" అన్నాడు.