సున్నపు తేటలో ఊపిరి

నా చిన్నప్పుడు గోడలు గాలి తినేవి. ఈ మాట అంటే ఇప్పటి ఇంజనీర్లు నవ్వుతారు. నవ్వనీండి. వాళ్ళు కట్టిన మిద్దెల్లో వేలూరు ఎండకి ఫ్యాను కూడా వేడిగాలే విసురుతుంది.

మా తాతయ్య వేలూరు దగ్గర గుడియాత్తంలో సున్నం మేస్త్రీ. ఒక బట్టల షావుకారు మేడకి గోడలు పూసే పని ఒప్పుకున్నాడు. ఆ ఏడు మా ఇంటి తిండి మొత్తం ఆ పని మీదే. పూత మీద పూత ఆరడానికి మూడు నెలలు కావాలంటే, నెలలో గృహప్రవేశం, త్వరగా కానివ్వు అన్నాడు షావుకారు. గోడ గాలి తిని గట్టిపడాలని చెబితే, ముసలాడికి మతి పోయిందన్నట్టు చూశాడు.

తాతయ్య అతని ముందే గాజు గ్లాసులో సున్నపు తేట పోశాడు. బొప్పాయి కాడ ఒకటి విరిచి నా చేతికిచ్చి, "పీల్చొద్దు నాయనా, మెల్లగా ఊదు" అన్నాడు. ఊదాను. తేటగా ఉన్న నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి.

"రాయిని బట్టీలో కాలిస్తే ఎగిరిపోయేది ఈ గాలే, మొదలాళీ. పిల్లోడి ఊపిరిలో ఉండేదీ అదే. గోడ దాన్ని మళ్ళా తిని రాయైతాది. బట్టీలో కట్టెల పొగని చెట్లు తింటాయి. పోయిందంతా తిరిగి రావాల, దానికి నాళ్ళు పడతాది" అని షావుకారుకి చెప్పాడు తాతయ్య.

షావుకారు గ్లాసు వైపు చూడనైనా లేదు. వండేదాకా ఉండి వార్చేదాకా ఉండలేని మనిషి. మర్నాడే సిమెంటు మేస్త్రీని దించాడు. ఆ ఏడాది మా ఇంట్లో రెండు పూటలా గంజే.

మొన్న ఆ షావుకారు మనవడు, తాతయ్య పని నాకూ వచ్చని విని, మా ఇంటికి వచ్చాడు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోయిందట, భూమి వేడెక్కిపోతోందట, అందుకని తన కొత్త బంగళాకి సున్నం పూతే కావాలట. నాకే పాఠం చెప్పాడు. చెప్పినంతసేపూ బయట అతని కారు, లోపల చల్లగా ఉండాలని, ఇంజను ఆగకుండా పొగ వదులుతూనే ఉంది. నేను గ్లాసూ బొప్పాయి కాడా తెచ్చి ఊదమన్నాను. ఊదాడు, ఫోనులో ఫొటో తీసుకున్నాడు.

"సూపర్ మేస్త్రీ. నెలలో అయిపోతాదా? బిరీన ఆరేదానికి ఏమన్నా కెమికల్ ఉండాదా?"

ఆ షావుకారు తాత పోలిక ఎక్కడికి పోతుంది? నాకు ఒళ్ళు మండింది. పని వద్దని పంపేశాను.

అతణ్ణి ఈసడించుకోవడం సులువే. తాతయ్య పోయాక నలభై ఏళ్ళు నేను కలిపింది మాత్రం ఏమిటి? సిమెంటే. పని త్వరగా తెములుతుందని. నేల అడుగు బొగ్గు తవ్వి కాల్చి చేసిన సిమెంటు. అదీ కొంచెం గాలి తింటుంది, విందుకొచ్చి మెతుకు కొరికి లేచిపోయే చుట్టంలా. తక్కిన పొగంతా పైన గాలిలోనే ఉండిపోయింది. గ్లాసులో ఊదింది నేను, పాఠం నేర్వనిదీ నేనే.

మా వంటింట్లో తాతయ్య పూసిన గోడ ఒక్కటి మిగిలింది. ఇప్పటికీ చల్లగా ఉంటుంది. మధ్యాహ్నాలు దానికి వీపు ఆనించి కూర్చుంటాను. ఎదురుగా కూర్చోవడానికి ముఖం చెల్లదు.