కొత్త కార్డు, పాత తోరం

ఆ రోజుల్లో కంప్యూటర్ నేర్చుకున్నవాడికి ఊళ్లో దక్కిన మర్యాద తలుచుకుంటే ఇప్పుడు నాకు సిగ్గూ నవ్వూ రెండూ వస్తాయి. ఖమ్మంలో ఒక ఇరుకు మేడ మీద హార్డ్‌వేర్ కోర్సు చేసి ఏన్కూరు తిరిగొచ్చిన నన్ను మా వీధివాళ్లు ఇంజనీరు అనేవారు. కోర్సంటే పెద్దగా ఏమీ లేదు, పాత డబ్బాలు విప్పడం, మళ్లీ బిగించడం, బిగించాక మిగిలిన స్క్రూలను జేబులో వేసుకోవడం. (మిగలని రోజంటూ లేదు.) గ్రాఫిక్స్ కార్డు అనే వస్తువును మా సారు చేతికిచ్చి చూపించలేదు, బోర్డు మీద సుద్దముక్కతో గీసి చూపించాడు. అక్కడున్నవన్నీ బొమ్మ నేరుగా మదర్‌బోర్డు నుంచే వచ్చే రకం మిషన్లు, వేరే కార్డుతో వాటికి పనే లేదు. సారు గీసిన డబ్బాను నేను నోట్సులో ఇంకో డబ్బాగా దించుకుని, ఆ విద్య కూడా వచ్చేసిందన్న ధీమాతో బస్సెక్కి ఇంటికొచ్చాను.

మా ఊరి బస్టాండు పక్కన ఒక ఫొటో స్టూడియో ఉండేది. దాని ఓనర్‌ను అందరూ 'జర నవ్వు మామ' అనేవారు. కెమెరా ముందు నిలబడిన ప్రతివాడినీ 'జర నవ్వు, జర నవ్వు' అని బతిమాలే ఆ మనిషి తను నవ్వగా చూసినవాళ్లు లేరు. అసలు పేరు ఆయన భార్యకు తప్ప ఇంకెవరికీ తెలియదనుకుంటాను. నాకు చుట్టం కాదు, అయినా నేను మామా అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు. పెళ్లి క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించి, పూలూ హృదయాలూ తిరిగే డిజైన్లు పెట్టాలని ఆయన కోరిక. అందుకోసం ఖమ్మం నుంచి కొత్త గ్రాఫిక్స్ కార్డు తెప్పించాడు. వీసీఆర్ వైరు తగిలిస్తే క్యాసెట్లోని బొమ్మను లోపలికి లాగే రకం కార్డు అది. దాన్ని బిగించే గౌరవం నాకు దక్కింది. నేను కూడా మంచిరోజు చూసుకుని వస్తానని బడాయి పోయాను.

నేను వెళ్లిన రోజు ముసురు పట్టి ఉంది. స్టూడియో బయట టార్పాలిన్ పట్టా కింద వేసిన బెంచీ మీద ఒక పెద్దాయన, ఆయన పక్కన నా ఈడు అమ్మాయి కూర్చుని ఉన్నారు. పెద్దాయన ఒళ్లో గుడ్డలో చుట్టిన వీడియో క్యాసెట్ ఉంది. ఆయన అడవి అంచు పల్లెలో కూలి చేసుకునే మనిషి. భార్య జ్వరంతో పోయింది. మర్నాడు పెద్దకర్మ. దండ వేయడానికి ఇంట్లో ఆమె ఫొటో ఒక్కటీ లేదు.

"రేషన్ కార్డుకు ఫొటో దింపిననాడు మిరప తోటకు కూలికి పోయిందయ్యా" అన్నాడు పెద్దాయన. "మల్ల దింపుతమన్నరు. దింపలే. మా ఆసామి బిడ్డ పెండ్లి క్యాసెట్ల జరసేపు కనపడ్తది, ఇస్తరాకులు మోస్కుంట. అది ఆళ్లనడిగి తెచ్చిన."

ఆ అమ్మాయి ఖమ్మంలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోందని, కబురు అందేసరికి దారిలో వాగు పొంగి బస్సులు ఆగిపోయాయని, ఇల్లు చేరేసరికి తల్లిని మట్టి చేసేశారని మామ నాకు లోపలికి వచ్చాక చెప్పాడు. చివరి చూపు దక్కలేదు. మామ అప్పటికే క్యాసెట్టును టీవీలో ఆడించి, ఆపి, తెరను కెమెరాతో ఫొటో తీసి చూశాడట. ఆమె మొఖం నిండా అడ్డగీతలే వచ్చాయి. ఇక మిగిలిన దారి కొత్త కార్డు ఒక్కటే.

"అల్లుడా, జల్దీ కానీయ్. ఆళ్ల ఆఖరి బస్సు చీకటి పడకముందే పోతది" అన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కిందటి దసరాకు మామ ఆ కంప్యూటర్‌కు ఆయుధపూజ చేశాడు. మానిటర్ వైరు వెళ్లి సీపీయూ వెనక గుచ్చుకునే చోట పసుపు పూసి, కుంకుమ పెట్టి, సాకెట్టూ వైరూ విడిపోకుండా తోరం కట్టాడు. ఇంత యంత్రంలో ఆ మూలే ఎందుకంటే ఆయన దగ్గర సమాధానం ఉంది, "బొమ్మ పొయ్యేది గీ సందుల నుంచే గదా." మళ్లీ దసరా వచ్చేదాకా ఆ ముడి విప్పకూడదని ఆయన పట్టు. మూత తీస్తుంటేనే హెచ్చరించాడు. "ముడి ముట్టకు. మిగతాది నీ ఇష్టం." నాకూ అభ్యంతరం కనిపించలేదు. లోపల కార్డు గుచ్చడానికీ, వెనక ముడికీ సంబంధం ఏముంటుంది? కార్డు చివర కూడా అచ్చం అలాంటి సాకెట్టే ఉంది, దానికి నీలం ప్లాస్టిక్ టోపీ ఉంది. అది రెండో టీవీ పెట్టుకునేవాళ్లకై ఉంటుందని తీర్మానించాను. (తీర్మానాలకు నా దగ్గర ఎప్పుడూ కొరత లేదు.)

కార్డు గుచ్చి స్విచ్ వేశాను. ఫ్యాన్ తిరిగింది, లోపల ఒక బీప్ మోగింది, కాసేపటికి స్పీకర్లలో విండోస్ పలకరించే పాట కూడా వచ్చింది. తెర మాత్రం నల్లగా ఉంది. మిషన్ లేచింది, పాడుతోంది, మాకు మాత్రం కనిపించడం లేదు. కార్డు పీకాను, బొమ్మ వచ్చింది. మళ్లీ గుచ్చాను, పోయింది. పిన్నులను రబ్బరుతో రుద్దాను. నోటితో ఊదాను. ర్యామ్ తీసి పక్క గాడిలో పెట్టాను. గుండ్రటి బ్యాటరీ ఊడదీసి, మళ్లీ పెట్టాను. నేను చేసే ప్రతి పనికీ మామ నా వెనక నిలబడి తలూపేవాడు, ఏదో అర్థమైనట్టు. కిటికీలోంచి చూస్తే అమ్మాయి కళ్లు తెర మీదే ఉన్నాయి. కార్డు పీకినప్పుడల్లా బొమ్మ వచ్చేది, ఆమె లేచి నిలబడేది. అది మామ పెట్టుకున్న జలపాతం ఫొటో అని చూసి మళ్లీ కూర్చునేది. అలా ఆమెను ఎన్నిసార్లు లేపి కూర్చోబెట్టానో చెప్పడానికి నాకిప్పుడు కూడా మనసు రాదు.

మధ్యాహ్నం వాలిపోయాక నా చదువు మొత్తం అయిపోయింది. బయటికొచ్చి, గొంతు సర్దుకుని, ఇంజనీరు గాంభీర్యంతో చెప్పాను.

"కార్డు చచ్చిపోయింది."

పెద్దాయన నా మొఖంలోకి చూసి, జాలిగా "అయ్యో, ఎప్పుడు బాబు?" అన్నాడు.

ఆయన ఎగతాళి చేయలేదు. ఆ పదిరోజులూ ఆయన విన్నది ఆ మాట ఒక్కటే. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. ఇంకో మాట దొరక్కపోయిందా అని నన్ను నేను తిట్టుకుంటూ ఉండగానే అమ్మాయి బెంచీ మీద నుంచి లేచింది. నన్ను దాటుకుని గడప దాటి లోపలికి వెళ్లింది.

మామ గాభరా పడ్డాడు. "బిడ్డా, మైల గదా. పూజ చేసిన సామాను. బయట కూసో తల్లీ, ఖమ్మం పంపిచ్చి..."

"పొద్దున్నించి బయటనే కూసున్న గదా సార్" అంది ఆమె. గొంతు పెంచలేదు. "ఊళ్లె గూడ గట్లనే కూసున్న. హాస్టల్ల ఎవరెవరికో జ్వరం చూసిన, మందులిచ్చిన. మా అమ్మకు జ్వరమొస్తె వాగు అవతల నిలబడ్డ. రేపు ఖాళీ కుర్చీకి దండెయ్యమంటరా?"

అని వచ్చి, సీపీయూ వెనక తోరం ముడి మీద అరచెయ్యి పెట్టింది. "ముట్టిన. ఇగ మైలపడ్డది. ఏం జేస్తరో చెయ్యుండ్రి."

మామకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన కాసేపు ఆ చేతినే చూశాడు. ఆ తర్వాత లోపలికి వెళ్లి గిన్నెలో పసుపు నీళ్లు తెచ్చాడు. అమ్మాయి చేతిని మెల్లగా పక్కకు జరిపి, "నువ్వు గీ స్టూల్ మీద కూసో బిడ్డా, లోపల్నే" అని, ముడి విప్పాడు. వైరు ఊడదీశాడు. పసుపు నీళ్లలో గుడ్డ ముంచి సాకెట్టును తుడిచాడు. తుడవడమంటే మామూలుగా కాదు, అభిషేకమే. (స్విచ్ ఆపి ఉండబట్టి బతికాం.) సాకెట్టు నిండా పచ్చటి నీళ్లు నిలిచాయి.

తడి సాకెట్టులో వైరు పెట్టకూడదని మాత్రం మా సారు గట్టిగా చెప్పాడు. బల్ల మీదంతా నీళ్లు, వైరు వదిలేస్తే వాటిలోనే పడుతుంది. కాసేపు పక్కన తగిలించి ఉంచుదామని ఇంకా గాడిలోనే ఉన్న కార్డు నీలం టోపీ లాగేసి, ఆ సాకెట్టులో గుచ్చాను. అంతకుమించి నా బుర్రలో ఏ ఆలోచనా లేదు. ఈలోగా ఫ్యాన్ గాలికి తడి ఆరుతుందేమోనని మామ స్విచ్ వేశాడు. వద్దనేలోపే తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి, వాటి వెనకే ఆ జలపాతం వచ్చింది, కాకపోతే బాగా లావుగా, వెలిసిపోయిన రంగుల్లో.

మామ నన్ను చూశాడు. నేను మామను చూశాను. కొత్త కార్డు పెట్టగానే పాత దారి మూసుకుపోతుందని, బొమ్మ ఇకపై కొత్త దారినే వస్తుందని, పొద్దుటి నుంచి మేము మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నామని నాకు అప్పుడు అర్థమైంది. "పసుపు నీళ్లు పడంగనే వచ్చింది" అన్నాడు మామ నిమ్మళంగా. ఆ సమయంలో దాన్ని ఖండించే ఓపిక నాకు లేదు.

కార్డుతో వచ్చిన సీడీ వేసి, వీసీఆర్ వైరు తగిలించి, క్యాసెట్ ఆడించాం. పెళ్లి పందిరి, వంటలు, వరసగా కూర్చున్న జనం. ఇస్తరాకుల కట్టతో ఒక సన్నటి మనిషి వచ్చింది. లైటు మొఖం మీద పడగానే కొంగు తీసి ఒక చెంప మీదుగా నోటిదాకా కప్పుకుని, పక్కకు తిరిగి వెళ్లిపోయింది. వెనక్కి తిప్పి మెల్లగా ఆడించాం. ఎక్కడ ఆపినా మొఖం సగమే ఉంది. ఒక కన్ను, సగం నుదురు, ముక్కుపుల్ల. పెద్దాయన గడప దగ్గరే నిలబడి, "అవ్, అదే" అన్నాడు. అమ్మాయి ఏడవలేదు, తెరకు బాగా దగ్గరగా జరిగింది.

అక్కడితో ఆగి ఉంటే నేను బాగుపడేవాణ్ణి. కార్డు పని చేసిందన్న గర్వం తలకెక్కి, నా చేతనైనది చూపిద్దామనుకున్నాను. కనపడే సగాన్ని కాపీ చేసి, తిప్పి, కొంగు ఉన్న వైపు అతికించాను. నిండు మొఖం తయారైంది. రెండు కళ్లు, రెండు ముక్కుపుల్లలు, ఒకటి చెరిపాను. మామ అలవాటుగా పట్టుచీర, కాసులపేరు కూడా పెడదామన్నాడు. నేను కుర్చీ జరిపి, అమ్మాయికి చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. "ఈమె ఎవరు అన్నా?" అంది నాతో.

నేను మౌస్ వదిలేశాను.

"మా అమ్మ గాదు. ముందుదే ఇయ్యుండ్రి. కొంగు అట్లనే ఉండనియ్యుండ్రి. ఎవరు చూసినా గట్లనే దాసుకునేది. నేను హాస్టల్‌కు పొయ్యేటప్పుడు గూడ."

ముందుదే ప్రింటు తీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాం. వానకు తడవకుండా ఆమె దాన్ని చున్నీలో చుట్టుకుంది. ఆఖరి బస్సు కిటికీ పక్కన కూర్చుని, బస్సు మలుపు తిరిగేదాకా ఆ చున్నీ మడతలోకే చూస్తూ ఉంది. పెద్దాయన మాత్రం మా ఇద్దరికీ దండం పెట్టాడు, మాకు ఎటు చూడాలో తెలియలేదు.

ఇప్పుడు నా జుట్టు సగం తెల్లబడింది. ఎవరి మిషన్‌లోనైనా తెర నల్లబడిందంటే, 'ముందు వైరు ఏ సాకెట్టులో ఉందో చూడు' అనే నా మొదటి మాట మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు, నన్ను వెక్కిరిస్తారు కూడా. ఆ రోజు నేనై ఉన్న ఆ కుర్రాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. ఒక అమ్మాయి పొద్దంతా ఎదురుచూసిన మొఖాన్ని, కనపడిన సగంతోనే పూర్తి చేసేశానని కుర్చీ జరిపి చూపించినవాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, ఒరే ఇంజనీరూ, లేచి ఆ పిల్లను కూర్చోనియ్యి అని చెప్పాలనిపిస్తుంది. నవ్వు కూడా వస్తుంది, కాకపోతే మామ నవ్వులాంటిది, బయటికి కనపడదు.