అత్త వదిలిన రెండు వేళ్ల లూజు

ఆ రోజుల్లో హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికిన ప్రతివాళ్లకీ ఏదో ఒక పిచ్చి పట్టుకునేది. జీతం పడటం మొదలైన కొత్తలో ఒకరు గిటార్ కొనేవారు. ఇంకొకరు ఆదివారం పొద్దున్నే సైకిలెక్కి నార్సింగి దాకా తొక్కి, అక్కడ ఇడ్లీ తిని, ఫొటో దిగి, తిరుగు ప్రయాణంలో సైకిల్ని ట్రాలీ ఆటోలో వేసుకుని వచ్చేవారు. నాకు మాత్రం సముద్రం పిచ్చి పట్టింది. అప్పటికి నేను సముద్రం చూడనే లేదు. సిద్దిపేట దిక్కు పుట్టి, మా చెరువు మత్తడి దూకితేనే లోకంలో నీళ్లన్నీ మా ఊరికే వచ్చాయని సంబరపడ్డదాన్ని. ఆఫీసులో ఎవరో సముద్రం అడుగున తీసిన వీడియో చూపించారు. చారల చేపలు మనిషి మొహం ముందు నుంచే ఏ తొందరా లేకుండా వెళ్లిపోతున్నాయి. (మా టీములో అంత నిదానంగా బతికే ప్రాణిని నేనెప్పుడూ చూడలేదు.) అందరూ సముద్రాన్ని ఒడ్డు నుంచి చూస్తారు కదా, నేను మొదటిసారే లోపల్నుంచి చూస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను.

గచ్చిబౌలి దగ్గర ఒక ఈతకొలనులో శనాదివారాలు నీళ్ల అడుగున ఈదే స్కూబా నేర్పి, ఆఖర్న విశాఖ తీసుకెళ్లి సముద్రంలో దింపే సారు ఒకాయన ఉండేవారు. కోస్తా మనిషి. నేల మీద కంటే నీళ్లలోనే హాయిగా కనబడతారని మేమంతా చేప సారు అనేవాళ్లం. పాఠాలు బాగానే ఒంటబట్టాయి, బట్టలే ఒంటికి పట్టలేదు. స్కూబాకి వేసుకునే వెట్ సూట్ మెడ నుంచి మడమ దాకా ఒకటే తొడుగు, మందపాటి రబ్బరు లాంటి గుడ్డ. అది ఒంటికి అతుక్కుపోయి ఉండాలి. లోపలికి దూరిన కాసిని నీళ్లు మన ఒంటి వేడికి వెచ్చబడి కదలకుండా ఉంటాయి, చలిని ఆపేది అవే. సారు దగ్గరున్న సూట్లన్నీ మగవాళ్ల కొలతలవి. చిన్నది మోకాళ్ల దగ్గరే మొరాయించింది. మధ్యరకం తొడల దాకా వచ్చి దండం పెట్టేసింది. పెద్దది ఎక్కింది గానీ, నడుము దగ్గరా భుజాల దగ్గరా ఇంకో మనిషిని పిలిచి కూర్చోబెట్టుకునేంత చోటు. చలికాలం పొద్దున ఆ చోటంతా చల్లటి నీళ్లు వస్తూ పోతూ ఉంటే నా పళ్లు టకటకలాడి, గాలి పీల్చే గొట్టం నోట్లోంచి జారిపోయింది.

"చలేస్తే గాలి ఎక్కువ పీల్చేస్తారండి, సిలిండర్ తొందరగా ఖాళీ అయిపోద్ది," అన్నారు చేప సారు. "మీకు సరిపోయే ఆడవాళ్ల సూటు చూసుకోండి. లేదంటే విశాఖలో మిమ్మల్ని కిందకి తీసుకెళ్లనండి. పడవలో కూర్చోవాల్సిందే."

పడవలో కూర్చుని చూసేదానికి నేనింత ఒట్టు పెట్టుకోవాలా? మరునాడే మదీనాగూడలో ఆటసామాన్ల దుకాణాలన్నీ తిరిగాను. ఒక దుకాణాయన ఓపిగ్గా విని, రెయిన్ కోటు తీసి చూపించాడు.

"తడవకూడదని కాదు భయ్యా, తడవాలి. చలి పెట్టొద్దు, అంతే."

"గంత పరేషాన్ ఎందుకు మేడమ్? తడువకపోతే చలే పెట్టదు గదా," అన్నాడు.

ఇక ఆన్‌లైనే దిక్కయింది. అక్కడ ఆడవాళ్ల సూట్లు ఉన్నాయి గానీ ఛాతీ, నడుము, తుంటి, అన్నీ కొలిచి చూసుకుని సైజు ఎంచుకోమన్నారు. కొలతలంటే మా మేనత్త. మదీనాగూడలోనే ఉండేది, ఇంట్లో మిషన్ పెట్టుకుని కాలనీ అంతటికీ జాకెట్లు కుట్టేది. నేను గడప తొక్కగానే, "ఆది జాకెట్ తెచ్చినవా?" అంది. (ఎవరొచ్చినా అత్త మొదటి పలకరింపు అదే. మంచినీళ్లు తరవాత.) ఫోన్లో సూటు బొమ్మ చూపించాను.

"ఇదేందే, తోలు లెక్కుంది! పైనుంచి చున్నీ గిట్ల ఏస్కుంటవా?"

"నీళ్లల్ల ఎవరు చూస్తరు అత్తా?"

"చేపలకు కండ్లుండయా?" అంటూ టేపు తీసింది. అత్త చెబుతుంటే నేను ఫోన్లో కొట్టుకున్నాను. టేపు కిందుగా ప్రతిచోటా రెండు వేళ్లు దూర్చి కొలుస్తోందన్న సంగతి నా బుర్రకెక్కలేదు. చిన్నప్పటి నుంచీ నా బట్టలన్నీ ఆ రెండు వేళ్ల లూజుతో కుట్టినవే మరి. బట్ట మనిషి కంటే పెద్దగుండాలె, మనిషి ఎట్లనో పెరుగుతది అన్నది అత్త సిద్ధాంతం.

హాస్టల్లో పార్సిల్ తీసుకునే దిక్కు లేక మేనత్త ఇంటికే తెప్పించాను. రేపు రైలనగా వచ్చింది. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి చూస్తే సూటు మంచం మీద పడుకుని ఉంది, పసుపు బొట్లతో. కొత్త బట్టకి మూలన పసుపు పెట్టాలి కదా. సూటుకి మూలలెక్కడున్నాయో తెలియక అత్త మెడకీ, రెండు చేతులకీ, రెండు కాళ్లకీ పెట్టేసింది. వేసుకున్నాను. నడుము దగ్గర పిడికెడు గుడ్డ చేతిలోకి వచ్చింది.

"మంచిగుంది, ఊపిరాడుతది," అని మురిసిపోయింది అత్త.

"లూజుండొద్దత్తా! వాపస్ పంపి చిన్నది తెప్పించుకోవాలె."

"పసుపు పెట్టిన బట్ట వాపస్ ఇస్తరానే?"

అత్త చెప్పింది శాస్త్రం గురించే అయినా, పసుపు మరకలున్న సూటుని కంపెనీవాళ్లు కూడా తీసుకోరు. తీసుకున్నా రేపటికి ఇంకోటి రాదు. నాకు ఏడుపొచ్చింది. ఉద్యోగం చేసే పిల్లనన్న సోయి కూడా లేకుండా ఆ రబ్బరు తొడుగులోనే కూలబడి ఏడ్చాను.

అత్త వచ్చి నా పక్కన కూర్చుంది. "సముద్రం గంత మంచిగుంటదా?"

"నాకేమెరుక? నేను చూస్తినా?"

అత్త లేచి మిషన్ ముందు కూర్చుంది. జీన్స్ కుట్టే లావు సూది ఎక్కించి, మిషన్ చక్రాన్ని చేత్తో తిప్పుతూ ఒక్కొక్క కుట్టే వేసుకుంటూ రెండు పక్కలా లూజుని లోపలికి పట్టేసింది. మిగిలిన గుడ్డ కోసెయ్యమన్నాను.

"కోస్తే అయిపాయె. రేపు లావైతే ఏం జేస్తవ్? లోపల వదులుత."

"నేనెందుకు లావైత?"

అత్త కళ్లద్దాల మీది నుంచి నన్నొకసారి చూసి, మళ్లీ చక్రం తిప్పుకుంది.

విశాఖలో ఒట్టు నిలబెట్టుకోవడానికి ఆటోలో కళ్లు మూసుకునే ఒడ్డుకి చేరాను. (పడవెక్కేటప్పుడు కాలు జారి కళ్లు తెరిచాను, అది లెక్కలోకి రాదు.) చేప సారు నా సూటు నడుము దగ్గర పట్టి లాగి చూశారు, వేళ్లకి దొరకలేదు. "బావుందండి! ఎక్కడ కొన్నారు?"

"సగం ఆన్‌లైన్లో, సగం మదీనాగూడలో."

కింద అంతా పచ్చటి వెలుగు. నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చారల చేప ఒకటి వచ్చి, నన్ను చూసి, నిదానంగా వెళ్లిపోయింది. అత్త వదిలిన గుడ్డ లోపల నడుముని ఒరుసుకుంటూనే ఉంది, కానీ చలి లేదు. ఆ వెచ్చదనంలో అత్త చెయ్యి నా వీపు మీద ఉన్నట్టే అనిపించింది. మాస్కులోకి బయటి నీళ్లొస్తే ఎలా తియ్యాలో సారు నేర్పారు గానీ, కళ్లలోంచి వచ్చే నీళ్ల సంగతి చెప్పలేదు.

ఆ తరవాత పెళ్లి, ఇద్దరు పిల్లలు, బాచుపల్లిలో ఇల్లు. సముద్రం మళ్లీ ఫొటోల్లోకి వెళ్లిపోయింది. మొన్న చలికాలం మళ్లీ కొలనులో దిగాలనిపించి అటక మీంచి సూటు తీస్తే, తుంటి దగ్గర మొరాయించింది. తీసుకుని అత్త దగ్గరికే వెళ్లాను. అత్తకిప్పుడు సూదిలో దారం ఎక్కించే చూపు లేదు. వేళ్లతో తడిమి లోపలి కుట్టు పట్టుకుని, "ఇప్పు," అంది.

కూర్చుని ఒక్కొక్క కుట్టూ ఊడదీశాను. ఇన్నేళ్లకి రబ్బరు కాస్త బిరుసెక్కింది, సూటంతా వెలిసి బూడిదరంగుకి వచ్చింది. లోపల దాక్కున్న ఆ గుడ్డ మాత్రం కొన్న రోజున ఉన్నంత నల్లగా ఉంది. వేసుకుంటే సరిగ్గా పట్టింది. అద్దంలో రెండు పక్కలా రెండు నల్లటి చారలతో నేను. నేనెందుకు లావైత అని అడిగిన ఆ పిల్ల మీద నవ్వొచ్చింది. ముద్దు కూడా వచ్చింది.

అత్త నడుము దగ్గర రెండు వేళ్లు దూర్చబోయింది. దూరలేదు.

"ఇంకేమన్న వదిలినవా అత్తా లోపల?"

"ఇగ లేదు బిడ్డా," అంది నవ్వుతూ. "ఇగ నువ్వే సదురుకోవాలె."