జాంబేటా చేలో అంజూరం చెట్టు

చచ్చినవాళ్ళ శనివారం నాడు పాదిరి చర్చిలో ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లన్నీ గడగడా చదివేశాడు. జాంబేటా మొగుడి పేరొచ్చింది, అత్త పేరొచ్చింది. కూతురి పేరు రాలేదు. ఎలా వస్తుంది? జ్ఞానస్నానం కాకముందే పోయిన పిల్లకి పేరుండదు. పేరు లేనిదానికి శ్మశానంలో చోటూ లేదని అప్పటి పాదిరి తేల్చేస్తే, మొగుడూ పెళ్ళాలు చేలో అంజూరం చెట్టు కింద పాతిపెట్టి నోళ్ళు కుట్టేసుకున్నారు.

తర్వాత మొగుడి నాగలికి పాతగోడలు తగిలాయి. నాలుగు వేల ఏళ్ళనాటి ఊరన్నారు, చేను సర్కారు తీసుకుంది. ఇవ్వనని ఎందుకు మొండికేస్తున్నావని అందరూ అడిగారు. ఊరు ఆడిపోసుకుంటుందన్న భయంతో జాంబేటా అసలు సంగతి బయటపెట్టలేదు. ఆ పిరికితనం తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇన్నేళ్ళూ అటు తొంగిచూడని మనిషి ఇవాళ చర్చి నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళింది. చేతిలో పోయినవాళ్ళ కోసం చక్కెర కలిపి ఉడికించిన గోధుమల గిన్నె. గేటు దగ్గర కాపలా ఉన్నది మొగుడి మేనల్లుడు యాకుమిస్.

"ఏమత్తా, మా శిథిలాల మీద దయ కలిగిందా? నిన్ను టికెట్ అడిగితే మామయ్య సమాధిలోంచి లేచొస్తాడు, పద!"

"అంజూరం చెట్టు ఎక్కడుండేదిరా?"

"అదా! మిషను పెట్టి లేపేశారుగా. ఇప్పుడు ఆడవాళ్ళ మరుగుదొడ్లున్న చోటే. శుభ్రంగానే ఉంటాయిలే, వెళ్తావా?"

జాంబేటా గేటు దాటింది. కాళ్ళు ఎటు లాక్కెళితే అటు, చూడవచ్చిన జనం వెనకే నడిచింది. ఒకచోట అద్దం కింద కుండ, కుండలో పసిబిడ్డ ఎముకలు. తల్లి తన ఇంట్లోనే, నేల కింద పెట్టుకుందట. తవ్వినవాళ్ళు ఆ బిడ్డకు మిర్టో అని ముద్దుగా పేరు కూడా పెట్టారట. గైడు ఆ మాట చెప్పగానే ఒకావిడ కళ్ళు తుడుచుకుని అద్దం మీద పువ్వు పెట్టింది.

జాంబేటా గిన్నె దించబోయింది.

"అత్తా, తినేవి ఇక్కడొద్దు!" యాకుమిస్ పరుగున వచ్చాడు. "ఎవరి పేరున తెచ్చావో చెప్పు, బయట నేనే పంచిపెడతా."

"పేరు పెట్టలేదురా." ఆమె అద్దంలోకి చూసింది. "ఈ తల్లి అదృష్టవంతురాలు. అడ్డం రావడానికి అప్పుడు పాదిరి లేడు."

వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. జాంబేటా గిన్నెతోనే మరుగుదొడ్ల దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడింది. ముసలామె కదా అని ముందున్నవాళ్ళు దారిచ్చారు. లోపలికెళ్ళి గడియ పెట్టుకుని, ఇన్నేళ్ళకు కూతురి కోసం గొంతెత్తి ఏడ్చింది.