కాశీలో వదిలిన పండు

కాశీకి వెళ్లినవాళ్లు తమకిష్టమైన కాయో పండో ఒకటి గంగలో వదిలి రావాలంటారు. వదిలితే ఇక బతికినంత కాలం దాన్ని ముట్టకూడదు. మావాళ్లు ఈ విషయంలో చాలా తెలివిగా ఉంటారు. మా పెద్దత్తగారు కాకరకాయ వదిలారు. ఆమె ఇంట్లో అంతకుముందూ ఎవరూ కాకరకాయ వండిన గుర్తు లేదు.

మా ఆయన ఆవిణ్ని మించిపోయారు. పెళ్లయిన కొత్తలో అమెరికా నుంచి సెలవులకు వెళ్లి ఇద్దరం కాశీ చూశాం. ఏం వదులుతారని పురోహితుడు అడిగితే ఈయన "బ్రకోలీ" అన్నారు.

"అదేం కాయ నాయనా?"

"కాలీఫ్లవర్‌కి తమ్ముడండీ. నాకు ప్రాణం."

పురోహితుడు జాలిగా చూసి మంత్రం చెప్పించాడు. అప్పటి నుంచి శాన్ రామన్‌లోని మా ఇంట్లో బ్రకోలీకి ప్రవేశం లేదు. ఆకుపచ్చ కూరలు తినమని డాక్టర్ చెప్పినప్పుడు కూడా, "కాశీ విశ్వేశ్వరుడి కంటే డాక్టర్ ఎక్కువటే?" అనేవారు. ఆ ఒక్క సందర్భంలో తప్ప ఆయన నోట దేవుడి మాట నేను వినలేదు.

ఆయన పోయాక అస్థికలు తీసుకుని నేనూ మా అమ్మాయీ కాశీ వెళ్లాం. ఈసారి వదలవలసింది నేను. నాకు మామిడిపండు ఇష్టం, పనసతొనలు ఇష్టం. మామిడి అని చెప్పడానికే నోరు తెరిచాను. చేతిలో అస్థికల కుండ ఉంది. ఆయన పక్కనుంటే ఏమనేవారో తెలుసు కనుక "ప్యాషన్ ఫ్రూట్" అన్నాను.

శాన్ రామన్‌లో మా పక్కింటివాళ్ల కంచె మీదుగా ఆ తీగ మా పెరట్లోకి వచ్చేది. ఒకసారి ఇద్దరం ఒక కాయ కోసి, పండిందో లేదో తెలియక కొరికి, సింక్ దగ్గర పోటీలుపడి ఉమ్మేశాం. నాకు దానితో ఉన్న పరిచయం అంతే.

"అమ్మా, దట్స్ చీటింగ్," అంది అమ్మాయి పడవలోనే.

"మీ నాన్న దగ్గరే నేర్చుకున్నాను."

సంవత్సరీకం అయ్యాక అమ్మాయి నన్ను ఎక్కడికైనా తీసుకువెళ్లాలని పట్టుబట్టింది. అల్లుడి పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంప్ గడువు దాటిపోయింది. దేశం దాటితే తిరిగి రావడం కష్టం. అలాంటివాళ్లందరికీ కరేబియన్ అంటే అమెరికా జెండా ఎగిరే దీవులే. అలా వర్జిన్ ఐలాండ్స్‌లో ఒక పెద్ద రిసార్ట్‌కి చేరాం.

లాబీలో అడుగుపెట్టగానే చల్లని పసుపుపచ్చ పానీయం చేతికిచ్చారు. ప్రయాణంలో నోరు ఎండిపోయి ఉంది. ఒక గుక్క తాగి ఆగాను. పులుపు, వెనకే తీపి, ఆ తర్వాత ముక్కు దాకా వచ్చే వాసన. గ్లాసు ఖాళీ చేసి ఇంకొకటి అడిగాను. అదీ అయ్యాక, ఇదేం పండు రసమని అడిగాను.

చెప్పారు.

అమ్మాయి సూట్‌కేసు మీద కూలబడి నవ్వింది. ఏడాది తర్వాత అది అలా నవ్వడం చూశాను. అల్లుడు మాత్రం పాపం ఓదార్చాడు. "తెలీక తాగితే దోషం లేదు అత్తయ్యా. అయినా టెక్నికల్లీ అది జ్యూస్, పండు కాదు."

దోషం సంగతి నాకు పట్టలేదు. నా బాధ వేరు. ఆయన ముప్పై ఏళ్లు మాట తప్పలేదు. ఇష్టం లేనిదాన్ని వదిలిన మనిషికి మాట నిలబెట్టుకోవడం తేలికే, కాదనను. కానీ నేను ఏడాది తిరిగేసరికే ఓడిపోతే ఆయన ముందు నా పరువేం కాను?

రాత్రి భోజనానికి రిసార్ట్‌వాళ్లే ముందుగా నిర్ణయించిన మెనూ. అందులో ప్రతి కూరగాయకీ రెండేసి విశేషణాలు. విశేషణాలు ఎక్కువైన చోట పదార్థం తక్కువని పుస్తకాలు చదివి తెలుసుకున్నాను. పళ్లేల విషయంలోనూ అది నిజమే. అయితే అక్కడ ఉన్న కాస్త పదార్థమూ ప్యాషన్ ఫ్రూటే. సలాడ్ మీద అది, కాల్చిన కాలీఫ్లవర్ మీద అది, చివర తీపికని పెట్టే టార్ట్‌లో అది.

వడ్డించే ఆమె ఆ దీవి మనిషే, నా వయసుది. అల్లుడు నేరుగా "ఎక్స్‌క్యూజ్ మీ, మెనూలో..." అని మొదలుపెట్టాడు. ఆమె "గుడ్ ఈవినింగ్" అని ఆగింది. అతనూ తిరిగి "గుడ్ ఈవినింగ్" అనేదాకా కదలలేదు. అక్కడ పలకరింపు లేనిదే పని జరగదు. మా ఊళ్లోనూ ఒకప్పుడు అంతే.

నేను నోరు తెరిచేలోపు అమ్మాయి అందుకుంది. "మా అమ్మకి ప్యాషన్ ఫ్రూట్ అలర్జీ. వెరీ సీరియస్." అమెరికాలో మొక్కు అంటే ఎవరికీ అర్థం కాదు, అలర్జీ అంటే వంటగది మొత్తం వణుకుతుంది.

ఆమె నా వైపు చూసింది. "మధ్యాహ్నం లాబీలో నా దగ్గర రెండు గ్లాసులు తీసుకుని తాగింది మీరే కదా?"

అమ్మాయి మంచినీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఇక దాచి లాభం లేక నేను సంగతి చెప్పాను. నది, బూడిద, వదలడం.

"మరి మీ ఆయన ఏం వదిలాడు?"

"బ్రకోలీ."

ఆమె నవ్వుకి పక్క బల్లవాళ్లు ఫోర్కులు దించారు. లోపలికి వెళ్లి కాసేపటికి పళ్లెంతో వచ్చింది. కాలీఫ్లవర్‌కి బదులు వెన్నలో వేయించిన బ్రకోలీ, విశేషణాలేమీ లేకుండా.

"ఇది మీ ఆయన వాటా. ఎవరో ఒకరు తినాలిగా."

తిన్నాను. ఆయన అనవసరంగా భయపడ్డారు.

చివరికి టార్ట్ వచ్చింది. నాకు మామిడిపండు ముక్కలు తెచ్చారు, కానీ వాసన మాత్రం బల్లంతా ఒకటే. అమ్మాయి చెంచాతో కొంచెం తీసి నా ముందు పెట్టింది. ఇప్పుడు దాని గొంతులో నవ్వు లేదు.

"ఒక్క స్పూన్ అమ్మా. నీకు అంత నచ్చింది కదా. నాన్న ఏం అనరు."

"అనరు. నవ్వుతారు."

చెంచా ఇంకా అక్కడే ఉంది. ఇష్టమైనదే వదలాలన్న నియమం పెట్టినవాళ్లు తెలివిలేనివాళ్లు కారని అప్పుడు తోచింది. పడవలో నేను వదిలింది ఒక పేరు. పండు ఇప్పుడు నా ముందుంది.

చెంచాని అల్లుడి వైపు తిప్పాను. అతను దాన్నీ, తన టార్ట్‌నీ, అమ్మాయి సగం వదిలినదాన్నీ పూర్తి చేశాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"పెద్ద గొప్పగా ఏం లేదత్తయ్యా. ఒకటే పులుపు," అన్నాడు, పళ్లెం అంచుకంటినది చెంచాతో గీకుతూ.