ఫోనుకొచ్చిన ఆరంకెలు

మొన్న పక్కింటి అరుగు మీద ఒకాయన కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఒళ్లో తోలు సంచి, జేబులో రెండు పెన్నులు. ఇంటర్ ఫలితాలొచ్చిన వారం కదా, కాలేజీ వాళ్లు పంపిన మనిషని చూడగానే తెలిసిపోయింది. అలాంటి మనిషికి నేనూ ఒకప్పుడు రెండుసార్లు చాయ్ పోశాను.

గూడూరు దగ్గర మా ఊరికి అప్పట్లో పొద్దుటి బస్సు లేదు. మా చిన్నదానికి మహబూబాబాద్, అంటే మా మానుకోట, సర్కారు కాలేజీలో చేరి చెట్ల చదువు చదవాలని ఆశ. పత్తి ఏరడానికి తీసుకుపోతే గట్టు మీది గడ్డిపూలు పీక్కొచ్చి నోటుబుక్కులో అంటించుకునేది. "నీ బిడ్డ పత్తి కంటే గడ్డే ఎక్కువ ఏరిందక్కా" అని కూలివాళ్లు నవ్వేవాళ్లు. ఆ సర్కారు కాలేజీలో ఫీజు కొంచెమే గానీ గది తీసుకుని ఉండాలి. మా ఆయనా నేనూ ఎటునుంచి ఆలోచించినా ఆ గది కిరాయి దగ్గరే ఆగిపోయేవాళ్లం.

సరిగ్గా అప్పుడొచ్చాడు ఆ మనిషి. మానుకోట అవతల ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్ డిగ్రీ. "అక్కా, మా కాలేజీ బస్సు మీ గల్లి మలుపుకాడికే వస్తది. ఫీజు సర్కారే కడ్తది. మీకు రూపాయి కర్సు లేదు" అన్నాడు. నా చింతకాయ తొక్కు కూడా మెచ్చుకున్నాడు. చిన్నది బచ్చన్నపేటలో అమ్మమ్మ దగ్గరుంది. నేనే దాని మార్కుల మెమో, టీసీ తీసి అతని చేతిలో పెట్టాను. ఫోనుకు ఆరంకెలు వస్తే చదవమన్నాడు. నేను అక్షరాలు కూడబలుక్కుంటాను గానీ అంకెలు గడగడా చెప్తాను. లోపలున్న మా అత్తకు వినబడాలని ఆ రోజు ఇంకాస్త గట్టిగా చెప్పాను.

చిన్నది రాగానే కాగితాలేవని అడిగింది. చెప్పాను.

"నాకొక్క ఫోన్ జేస్తే అయిపోయేది గదమ్మా."

"రూపాయి కర్సు లేదన్నడు బిడ్డా."

"నేనేమంటనో నీకెరికే. గందుకే చేయలే."

అది అన్నది నిజమే మరి.

మర్నాడు ఇద్దరం ఆ కాలేజీకి పోయాం. అదే మనిషి, ఈసారి కూర్చోమని కూడా అనలేదు. "నువ్వు జెప్పిన అంకెలతోనే సీటు ఖాయమైందక్కా. కాయితాలు గావాల్నంటే మూడేండ్ల ఫీజు కట్టి తీస్కపోండ్రి." ఆ పైసలే ఉంటే గది కిరాయికి భయపడేవాళ్లమా. తిరుగు బస్సులో అది ఏడవలేదు, టికెట్టును చిన్న చిన్న మడతలు పెడుతూ కూర్చుంది.

మూడేళ్లూ అక్కడే చదివింది. కాగితాలు నలగకుండా తిరిగిచ్చారు. ఇప్పుడు భూపాలపల్లిలో ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుంటుంది, ఫోన్లో నవ్వుతూనే మాట్లాడుతుంది. ఈమధ్య మాటల్లో చెప్పింది, ఆ కాలేజీ బస్సు రోజూ సర్కారు కాలేజీ గేటు ముందునుంచే పోయేదట. మొదట్లో కావాలనే అటు కిటికీ పక్కన కూర్చునేదట, తర్వాత ఇటు పక్కకు మారిందట. "ఎప్పుడు మారినవే?" అన్నాను. "ఏమోనమ్మా, యాదికి లేదు" అంది. అంత ఆశపడ్డ గేటును చూడడం ఏ రోజు మానేసిందో దానికే తెలియకుండా చేయడానికి కాలానికి ఎన్ని పొద్దులు పట్టాయోనని నేనింకా లెక్క వేసుకుంటూనే ఉన్నాను.